కొమ్మ విరవకూడని అడవి

స్విట్జర్లాండ్ నడిమధ్యన, ఆల్ప్స్ కొండల్లో ఆండర్‌మాట్ అనే ఊరుంది. సముద్ర మట్టానికి దాదాపు 1,440 మీటర్ల ఎత్తు, పదిహేను వందల చిల్లర జనాభా. చుట్టూ కొండలు. కొండల మీద గడ్డి, గడ్డి పైన రాయి, రాయి పైన మంచు. చెట్టన్నది అరుదు. ఊరికి దక్షిణాన ఉన్న వాలు మీద మాత్రం, ఇళ్ల కప్పుల వెనక నుంచే మొదలై, త్రికోణాకారంలో ఒక దట్టమైన అడవి ముక్క నిలబడి ఉంటుంది. దాని పేరు గుర్షెన్ అడవి.

ఆ అడవి అక్కడ దానంతటదే మిగిలిపోలేదు. 1397లో ఆ లోయ జనం ఒక కట్టుబాటు రాసుకున్నారు. ఊరి మీదున్న ఆ అడవిలో ఎవరూ చెట్టు నరకకూడదు. కొమ్మ తెచ్చుకోకూడదు. రాలిన కాయ కూడా ఏరుకోకూడదు. లోయలోని వాడికైనా బయటి వాడికైనా ఇదే వరస, తప్పితే జరిమానా. ఏడాదిలో సగం రోజులు మంచు కప్పేసే చోట, పొయ్యిలో కట్టె లేకపోతే ప్రాణం నిలవని చోట, కళ్లెదురుగా ఉన్న కట్టెను ముట్టుకోబోమని జనం తమకు తామే ఒట్టు పెట్టుకున్నారు. స్విట్జర్లాండ్‌లో ఇప్పటికీ దొరుకుతున్న అడవి కట్టుబాటు పత్రాల్లో ఇది చాలా పాతది.

కారణం మంచు. అక్కడ మంచు కురవడం ఒక్కటే సమస్య కాదు, జారడం అసలు సమస్య. వాలు మీద పొరలు పొరలుగా పేరుకున్న మంచు ఏదో ఒక క్షణాన పట్టు తప్పి, కొండ మొత్తంగా కదిలినట్టు కిందికి దూకుతుంది. దూకిన మంచును అడవి ఆపలేదు. పైనుంచి ఊపందుకుని వచ్చే హిమపాతం నిండు వృక్షాలను కూడా వేళ్లతో సహా లేపేస్తుంది. అడవి చేసే మేలు అంతకు ముందుది. అసలు మంచును జారనివ్వకుండా చూస్తుంది. కురిసే మంచులో కొంత కొమ్మల మీదే ఆగిపోతుంది. అది ముద్దలు ముద్దలుగా కింద పడి, నేల మీది పొరను ఎక్కడికక్కడ చెదరగొడుతుంది. దాంతో ఒకే పలకలా జారగలిగే మంచు పొర అక్కడ ఏర్పడదు. చెట్ల మొదళ్లు మేకుల్లాగా మంచును పట్టి ఉంచుతాయి. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పడానికి వందల ఏళ్ల ముందే ఆ ఊరివాళ్లు చూసి నేర్చుకున్నారు.

ఈ కట్టుబాటు అక్కడే ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఆ లోయ ఉన్న తీరు చూడాలి. దాన్ని ఉర్సెరెన్ లోయ అంటారు. పొడవుగా, చదునుగా ఉంటుంది. తూర్పున 2,044 మీటర్ల ఎత్తున ఒబెరాల్ప్ కనుమ, పడమట 2,429 మీటర్ల ఫుర్కా కనుమ, దక్షిణాన 2,106 మీటర్ల గొట్‌హార్డ్ కనుమ. ఉత్తరాన మాత్రం కనుమ లేదు, కోత ఉంది. లోయలోని నీళ్లన్నీ కలుపుకున్న రోయ్స్ నది షోలెనెన్ అనే గండిని కోసుకుంటూ గోషెనెన్ అనే ఊరి వైపు పడిపోతుంది. రెండు వైపులా నిట్టనిలువు బండ, మధ్యన నురగ. రోయ్స్‌తో పాటు రైన్, రోన్, తిచీనో నదులు కూడా ఈ చుట్టుపక్కలే పుట్టి తలో దిక్కుకు వెళ్తాయి. యూరప్ నీళ్లు వేర్వేరు సముద్రాల వైపు విడిపోయే చోటని భూగోళం పుస్తకాలు గొప్పగా చెబుతాయి కానీ, అక్కడ కాపురముండేవాడికి ముఖ్యమైంది ఆ గండి. అది దాటగలిగితే జర్మనీ నుంచి ఇటలీకి దారి. దాటలేకపోతే లోయ కొండల మధ్య చిక్కిపోయిన బీడు.

పన్నెండో శతాబ్దం ప్రాంతంలో పడమటి కొండల నుంచి వాల్జర్లు అనే జర్మన్ మాట్లాడే జనం అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. పశువులే వాళ్ల ఆస్తి. మేత కోసం చెట్లు కొట్టారు, ఇళ్ల కోసం కొట్టారు, చలి కాచుకోవడానికి కొట్టారు. అంత ఎత్తున చెట్టు పెరగడమే కష్టం, కొట్టింది మళ్లీ లేవాలంటే రెండు మూడు తరాలు పడుతుంది. లోయ బోడిగా మారింది అలాగే. మిగిలిన ముక్కను కాపాడాలన్న తెలివి ముందుచూపుతో వచ్చింది కాదు, పోగొట్టుకున్నాక వచ్చింది. ఈ మాట ఎందుకంటున్నానంటే, ఇలాంటి కథలు చెప్పేటప్పుడు అక్కడి జనాన్ని పుట్టుకతోనే వివేకులుగా చూపిస్తుంటారు. వాళ్లూ నరికినవాళ్లే. కాకపోతే ఒక చోట ఆగారు.

ఆ వాల్జర్లే గండికి దారి తీశారని చెబుతారు. 1220, 1230 ప్రాంతంలో బండకు గొలుసులు కట్టి, వాటికి పలకలు వేలాడదీసి, నది మీదుగా నడిచే తోవ ఏర్పాటు చేశారు. దాని పక్కనే నదిని దాటించే చెక్క వంతెన ఒకటి. ఆ వంతెనకే సైతాను వంతెన అని పేరు.

కథ ఇలా నడుస్తుంది. ఉరీ ప్రాంతం వాళ్లు ఆ గండి మీద వంతెన కట్టాలని ఎన్నిసార్లు చూసినా కుదరలేదు. విసిగిపోయిన పెద్దమనిషి ఒకడు, ‘మనవల్ల కాదు, ఆ సైతానే వచ్చి కట్టుకోవాలి’ అన్నాడు. అన్నంతలో సైతాను ఎదుట నిలిచాడు. ‘కడతాను, కానీ వంతెన మీద మొదట నడిచిన ప్రాణి నాది’ అన్నాడు. సరేనన్నారు. మూడు రోజుల్లో వంతెన లేచింది. అవతలి గట్టున సైతాను కాచుకు కూర్చున్నాడు. ఊరంతా ఇవతల నిలబడిపోయింది, అడుగు వేసేవాడు లేడు. అప్పుడొక రైతు తన మేకపోతును తోలుకొచ్చి వంతెన మీదికి అదిలించాడు. ‘ఇదిగో మొదటి ప్రాణి, తీసుకుపో’ అన్నాడు. మోసపోయిన సైతాను మండిపడి, వంతెనను కూలగొట్టడానికి ఇంటిని మించిన బండ ఒకటి ఎత్తుకుని బయల్దేరాడు. దారిలో ఆయాసం తీర్చుకోవడానికి బండ దించాడు. అటుగా వెళ్తున్న ఒక ముసలమ్మ ఆ బండ మీద సిలువ గుర్తు గీసింది. మళ్లీ ఎత్తబోతే అది కదలలేదు.

ఆ బండ గోషెనెన్ దగ్గర ఇవాళ్టికీ ఉంది. 220 టన్నుల రాయి. గొట్‌హార్డ్ మోటారు రోడ్డు వేసేటప్పుడు సరిగ్గా దారికి అడ్డం వచ్చింది. పేల్చేస్తే పోయేదే. జనం ఒప్పుకోలేదు. 1977లో దాదాపు మూడు లక్షల ఫ్రాంకులు ఖర్చుపెట్టి దాన్ని 127 మీటర్లు పక్కకు జరిపారు. సైతాను మోయలేకపోయిన రాయిని రోడ్డువాళ్లు మోయాల్సి వచ్చింది, అదీ జనం పట్టుబట్టడం వల్ల.

చెక్క వంతెన స్థానంలో 1595లో రాతి వంతెన వచ్చింది. 1708లో మోరెత్తీని అనే ఇంజనీరు గొలుసుల తోవ అవసరం లేకుండా ఆ బండలోంచే అరవై మీటర్ల పైచిలుకు సొరంగం తొలిచాడు. ఆల్ప్స్‌లో రోడ్డు కోసం తవ్విన మొదటి సొరంగం అదే. 1799 సెప్టెంబరు 25న రష్యా సేనాని సువోరోవ్ ఈ గండిలోనే ఫ్రెంచి సైన్యంతో తలపడ్డాడు. బ్రిటిష్ చిత్రకారుడు టర్నర్ ఈ వంతెన బొమ్మ గీశాడు. 1830లో పక్కనే కొత్త వంతెన లేచింది, పాతది 1888లో కూలిపోయింది. ఇప్పుడు కార్లు వెళ్లేది 1958 నాటి మూడో వంతెన మీద.

సైతాను కథ అందరికీ నచ్చుతుంది, పర్యాటకుల పుస్తకాల్లో అదే ముందుంటుంది. నాకు మాత్రం అడవి గురించిన నమ్మకమే బరువైనదిగా కనిపిస్తుంది. అదే ఉరీ ప్రాంతంలో కాపుదల అడవుల చెట్లకు గొడ్డలి తగిలితే రక్తం కారుతుందని పశుల కాపర్లు చెప్పుకునేవారట. జర్మన్ నాటకకర్త షిల్లర్ 1804లో రాసిన విలియం టెల్ నాటకంలో పిల్లవాడు తండ్రిని అడిగే ప్రశ్న అదే. తండ్రి దాన్ని కొట్టిపారేయడు, ఆ అడవి లేకపోతే మంచు ఎప్పుడో ఊరిని మింగేసేదని వివరిస్తాడు. మన దగ్గర అమ్మవారి చెట్టు మీద కత్తి వేస్తే కళ్లు పోతాయని పెద్దలు బెదిరించలేదా? బెదిరింపు వెనక కారణం ఉంది, కారణాన్ని మోయడానికి కథ ఉంది. రాతలో ఉన్న జరిమానా రాత చదవగలిగిన వాడికి, చెట్టు కార్చే రక్తం అందరికీ.

కానీ కథ ఒక్కటే అడవిని కాపాడగలిగేదా? కాదు. ఇక్కడే మనం నేర్చుకోవాల్సిన సంగతి ఉంది. 1397 కట్టుబాటుకు పదిహేనేళ్ల ముందు, 1382లో, వెన్సెస్లాస్ రాజు నుంచి ఈ లోయ జనం తమ పెద్దను తామే ఎన్నుకునే హక్కు సంపాదించారు. అంతకు ముందు వాళ్ల మీద దిసెంతిస్ అనే మఠం పెత్తనం ఉండేది. ముందు తమ మీద తమకు అధికారం వచ్చింది, ఆ వెనకే తమ చేతుల్ని తామే కట్టేసుకునే నియమం వచ్చింది. ఈ వరసను యాదృచ్ఛికమని నేను అనుకోను. అడవి తనది కానివాడు దాన్ని రేపటికి దాచడు. 1410లో లోయ ఉరీ రాజ్యంతో శాశ్వత ఒప్పందం చేసుకుంది, అయినా ఉమ్మడి ఆస్తిని మాత్రం వదులుకోలేదు. నేటికీ లోయలో మేతబీళ్లు, అడవులు, నీళ్లు అధిక భాగం ఉర్సెరెన్ కార్పొరేషన్ అనే ఉమ్మడి సంస్థవి. ఆండర్‌మాట్, హోస్పెంతాల్, రియాల్ప్ ఊళ్ల పాత కుటుంబాల వాళ్లు అందులో సభ్యులు. ఏటా సభ చేరి చేతులెత్తి నిర్ణయిస్తారు. లోపం లేదనను. వంశపారంపర్యంగా వచ్చే సభ్యత్వం కాబట్టి, కొత్తగా వచ్చి స్థిరపడ్డవాడు ఎన్నేళ్లున్నా అందులో బయటివాడే.

ఇక్కడ మన పల్నాడును తలచుకోకుండా ఉండలేను. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఊళ్లు తరతరాలుగా పశువులు మేపుకున్న, కట్టెలు తెచ్చుకున్న అడవులకు ప్రభుత్వం గీత గీసి రిజర్వు అని పేరు పెట్టింది. మేతకు పుల్లరి కట్టమంది. పైకి చూస్తే ఇదీ అడవిని కాపాడే నిషేధమే, ఆండర్‌మాట్‌దీ నిషేధమే. ఒకటి ఆరు వందల ఏళ్లుగా నిలిచింది. రెండోది నలభై ఏళ్లు తిరక్కుండానే పుల్లరి సత్యాగ్రహాన్ని తెచ్చింది. కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు నేలకొరిగింది ఆ పుల్లరి కోసమే. అదే ఏడాది మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట జనం నడవడానికి కూడా అడవి ఆంక్షలు పెద్ద కారణం. పోడు కొట్టుకోకూడదు, కట్టె తెచ్చుకోకూడదు, రోడ్డు పనికి మాత్రం రావాలి. నిజాం ఏలుబడిలోని ఆదిలాబాద్ అడవుల్లో కొమురం భీం తుపాకీ పట్టింది కూడా ఇలాంటి బాధతోనే. మన జనానికి అడవి మీద ప్రేమ లేక తిరగబడలేదు. కొమ్మ విరవొద్దని ఎవరు చెప్పారు, విరవని కొమ్మ చివరికి ఎవరికి పోయింది అని అడిగారు. మద్రాసు అడవుల కలప రైలు పట్టాల కింద చెక్కలుగా, ఇంజన్లలో పొయ్యి కట్టెగా పోయింది. గుర్షెన్ అడవి మాత్రం దాన్ని ముట్టుకోని వాళ్ల ఇంటి కప్పులనే కాచింది.

అలాగని ఆండర్‌మాట్ నిషేధం లోపం లేనిదని కాదు. అడవిని ముట్టుకోకపోవడమే కాపాడటం అనుకున్నారు. ముట్టుకోని అడవి ముసలిదవుతుంది. పెద్ద చెట్లు ఒకే వయసువి కావడంతో ఒకేసారి పడిపోతాయి, వాటి నీడలో మొక్క లేవదు, లేచిన మొక్కను మేకలు కొరుకుతాయి. పంతొమ్మిదో శతాబ్దానికి ఆ ముక్క బాగా పలచబడింది. 1868లో పెద్ద వరదలు వచ్చాక స్విస్ ప్రభుత్వం మేలుకుని 1876లో కొండ అడవుల చట్టం చేసింది. ఆ కాలంలోనే కొత్త మొక్కలు నాటడం, వాలు మీద రాతి గోడలు కట్టడం మొదలైంది. ఇప్పుడక్కడ అటవీ సిబ్బంది ఎంచి ఎంచి చెట్లు తీస్తారు, సందుల్లో చిన్నవాటికి వెలుతురు ఇస్తారు. పాత కట్టుబాటు ప్రకారం అది నేరం. కాలానికి తగినట్టు మార్చుకున్నారు, విడిచిపెట్టలేదు.

1951 జనవరి 20న ఆ ఊరికి అసలు పరీక్ష వచ్చింది. రోజుల తరబడి కురిసిన మంచు గంట వ్యవధిలో ఆరు చోట్ల నుంచి ఊరి మీదికి జారింది. పదమూడు మంది చనిపోయారు. ఆ చలికాలం స్విట్జర్లాండ్ మొత్తం మీద తొంభై ఎనిమిది మంది హిమపాతాలకు బలయ్యారు. ఒక్క వాలు మీద అడవిని కాపాడుకున్న ఊరికి మిగతా వాలుల నుంచి వచ్చిన దెబ్బ అది. ఆ తర్వాత చెట్టు లేని వాలుల మీద ఉక్కు కంచెలు వరసలు వరసలుగా లేచాయి. ఊళ్లకు ప్రమాద పటాలు గీశారు. ఎర్ర రంగు వేసిన చోట కొత్త ఇల్లు కట్టనివ్వరు, స్థలం ఎవరిదైనా సరే. ఒక అడవి ఏం పని చేస్తుందో, దాన్ని పోగొట్టుకున్న చోట ఉక్కుతో చేయిస్తే ఎంతవుతుందో లెక్క కట్టుకోవడానికి ఆ కంచెలే చాలు.

దానికి ఐదేళ్ల ముందు ఆ ఊరిని మంచు కాదు, నీళ్లు ముంచబోయాయి. విద్యుత్ కంపెనీలు ఉర్సెరెన్ లోయ మొత్తాన్ని జలాశయం చేయాలని తలపెట్టాయి. గండి దగ్గర ఆనకట్ట వేస్తే చాలు, మూడు ఊళ్లూ అడుగున పడతాయి. పరిహారం ఇస్తాం, కొత్త ఇళ్లు కడతాం అన్నారు. మనకు బాగా తెలిసిన మాటలే. లోయ జనం ఒప్పుకోలేదు. 1946 ఫిబ్రవరి 19 రాత్రి ప్రాజెక్టు ఇంజనీరును జనం చుట్టుముట్టి, కొట్టి, ఊరు దాటించారు. కొట్టడాన్ని నేను సమర్థించను. కానీ భూమి తమ చేతిలో ఉండబట్టే ‘మేం అమ్మం’ అన్న మాటకు విలువ వచ్చిందని గమనించాలి. చివరికి కంపెనీ పక్క లోయకు వెళ్లింది. 1962 నాటికి గోషెనెరాల్ప్ ఆనకట్ట పూర్తయింది. అక్కడున్న చిన్న పల్లె నీటి అడుగుకు పోయింది, ఆ కొద్ది కుటుంబాలు దిగువకు వచ్చి స్థిరపడ్డాయి. ఆండర్‌మాట్ గెలుపు కథ చెప్పేవాళ్లు ఈ పల్లెను దాటేస్తుంటారు. మూడు ఊళ్ల జనానికి ఉన్న గొంతు ఆ గుప్పెడు ఇళ్లకు లేకపోయింది. శ్రీశైలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న వాళ్లకు నేను వేరే వివరించక్కర్లేదు. మనం కూడలి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టగలిగాం. ఊళ్లను అలా కట్టలేకపోయాం.

మన చేతిలో సాధనాలు లేవా అంటే ఉన్నాయి. విశాఖ మన్యంలో బొర్రా గుహల చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు గనుల కంపెనీలకు ఇవ్వడం చెల్లదంది. గిరిజనేతరులకు భూమి బదిలీ చేయకూడదన్న నియమం ప్రభుత్వానికి కూడా వర్తిస్తుందంది. ఆండర్‌మాట్ కట్టుబాటుకు సరిగ్గా ఆరు వందల ఏళ్ల తర్వాత వచ్చిన తీర్పది. తొమ్మిదేళ్లకు, 2006లో, అటవీ హక్కుల చట్టం వచ్చింది. విడి పట్టాలతో పాటు ఊరుమ్మడి అటవీ హక్కుకు కూడా అందులో చోటుంది.

ఇబ్బంది ఎక్కడంటే, మనం ఆ చట్టంలో పట్టా దగ్గరే ఆగిపోయాం. రెండెకరాల పోడుకు కాగితం వచ్చిందా లేదా అన్నదే ఎన్నికల ముచ్చట అయింది. ఆ ఆరాటం న్యాయమైనదే, తిండిగింజల సంగతి కదా. కానీ ఊరి మీదున్న కొండవాలు, వాగు పుట్టే చోటు, చింతచెట్ల తోపు ఊరందరి పేరున రాయించుకోవడం గురించి అడిగేవాళ్లు తక్కువ. అంతకు ముందు 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. వాటిలో మంచి పని చేసిన ఊళ్లున్నాయి. కానీ నియమం అటవీ శాఖది, డబ్బు ప్రాజెక్టుది, కాపలా మాత్రం ఊరిది. డబ్బు ఆగాక చాలా చోట్ల సమితి కాగితం మీదే మిగిలింది. ఊరు తన కోసం తాను రాసుకోని నియమానికి అంతకన్నా ఆయుష్షు ఆశించలేం.

ఆండర్‌మాట్‌కు కొత్త పరీక్షలు ఆగలేదు. 1882లో గొట్‌హార్డ్ రైలు సొరంగం ఊరి కిందుగానే వెళ్లిపోయింది, గుర్రపు బండ్ల మీద బతికిన ఊరు ఖాళీ అయింది. తర్వాత సైన్యం వచ్చి ఆదుకుంది. సైన్యం తగ్గాక ఈజిప్టు వ్యాపారి సమీహ్ సవిరీస్ పెద్ద విహార కేంద్రం కట్టాడు, ఊరి ఓటర్లు భారీగా ఒప్పుకున్నారు. ఇళ్ల ధరలు పెరిగాయి, అద్దెలు స్థానికులకు భారమయ్యాయి. ఈ బేరంలో ఏం పోతుందో ఇంకో తరం గడిస్తే గానీ తేలదు. అయితే అంత డబ్బు వచ్చిన ఊళ్లో కూడా ఆ త్రికోణపు అడవిని కొట్టి హోటలు కట్టుకుందామన్న మాట ఎవరూ ఎత్తలేరు.

మన గ్రామసభల్లో ఆ పాత పత్రం లాంటిది రాయడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఏ వాలు, దాని హద్దులేవి, అందులోంచి ఏం తెచ్చుకోవచ్చు, ఏం తెచ్చుకోకూడదు, ఏ నెలలో తెచ్చుకోవచ్చు, తప్పినవాడికి జరిమానా ఎంత, ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, పదేళ్లకోసారి నియమాన్ని ఎవరు తిరగరాస్తారు. అటవీ హక్కుల చట్టంలోని ఐదో సెక్షన్ అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఇస్తోంది. 2008 నాటి నిబంధనలు ఆ పనికి ఊరు తన సొంత కమిటీని వేసుకోవాలని చెబుతున్నాయి. తమ హద్దుల్లోని అడవికి అలా నియమం రాసి, సంతకాలు పెట్టి, మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడానికి గ్రామసభ ఎవరి జీవో కోసమూ ఆగక్కర్లేదు.